ఔషధ నిర్మాణమున నిరంతర ధార

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము)



యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము జరుగు ఈ సభలో ఉపన్యసించుటకు ఒక రసాయన ఇంజనీరును పిలుచుట కొందరికి వింతగా తోచవచ్చును. ఆయన వైద్యుడు, జీవరసాయనశాస్త్రజ్ఞుడు. నేనో, ఆయనవంటివారు కనుగొనిన పదార్థములను టన్నులకొలది తయారుచేయు కార్ఖానాలలో పంపులకును, కవాటములకును, మీటర్లకును నడుమ బ్రదుకు గడపినవాడను. అయినను ఈ పిలుపు అసంగతము కాదని నా నమ్మకము. 1895లో భీమవరమున జన్మించి, 1923లో బోస్టను చేరి, హార్వర్డున సైరస్ ఫిస్కేతో కూడి పనిచేసిన సుబ్బారావుగారికి శాస్త్రలోకమున మొదట పేరు తెచ్చినది మందు కాదు, ఒక కొలత. మాలిబ్డేట్‌తో పుట్టు నీలవర్ణపు గాఢతను బట్టి భాస్వరపు పాలు నిర్ణయించు ఆ పద్ధతి 1925లో వెలువడినది. ఆ సాధనము చేత నుండుటవలననే కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్, దాని వెంట ఏటీపీ ఆ ఇరువురి కంటబడినవి. తరువాతి కాలమున లెడర్లే ప్రయోగశాలలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము సంశ్లేషింపబడుటయు, బోదకాలునకు డైఇథైల్‌కార్బమజీన్ లభించుటయు, మెథోట్రెక్సేట్ వంటి మందులకు దారి ఏర్పడుటయు, డగ్గర్ పండితుడు ఆరియోమైసిన్‌ను వెలికిదీయుటయు లోకవిదితములే. వానిని నేను మరల వర్ణింపను. న్యూయార్కునకు సమీపమున పెర్ల్ రివరులో లెడర్లేవారి పరిశోధనశాలయు కార్ఖానాయు ఒకే ఆవరణమున నుండెడివని మాత్రము గుర్తుచేసి, అచ్చటినుండి నా విషయములోనికి ప్రవేశించెదను.

ఔషధములను విడతలుగా గాక ఎడతెగని ధారగా తయారుచేయు ప్రక్రియలను రూపొందించుట నేటి ప్రసంగవిషయము. దీనిని గురించి వ్రాయువారు సాధారణముగా యంత్రముల సొగసును, కార్ఖానా చిన్నదగుటను, కాలము కలిసివచ్చుటను కొనియాడుదురు. ఆ లాభములు నిజములే. కాని ధార నడచుచుండగా అందలి ప్రతి గ్రాము పదార్థము ఏ క్షణమున ఎచ్చట నున్నదో, అది ఎచ్చటినుండి ఎప్పుడు బయలుదేరినదో చెప్పగల జ్ఞానమే ఇందలి అసలు రూపకల్పన యనియు, తక్కినదంతయు కొనుగోలు శాఖవారి పనియనియు నా అభిప్రాయము.

మన జీడిమెట్లలోగాని, బొల్లారములోగాని, విశాఖ దగ్గర పరవాడలోగాని ఒక బల్క్‌డ్రగ్ కార్ఖానాను లోనికి పోయి చూచినవారికి విడతల పద్ధతిని వివరింప నక్కరలేదు. గాజుపూత వేసిన రియాక్టరున ద్రావకము నింపుదురు, ముడిసరకు వేయుదురు, జాకెట్టులో ఆవిరినో చల్లని బ్రైనునో పారింతురు, గంటల తరబడి కలియబెట్టుదురు, నమూనా తీసి నాణ్యతాపరీక్షశాఖకు పంపి ఫలితము వచ్చువరకు కాచుకొందురు. పిమ్మట చల్లార్చి స్ఫటికములు కట్టించి, సెంట్రిఫ్యూజులో ద్రావకమును పిండి, సంచికి అంటుకొనిన తడిముద్దను మనుష్యులు వంగి స్కూపులతో తోడి, డ్రయ్యరులో ఆరబెట్టి, జల్లించి, పాలిథిన్ సంచులలో కట్టి డ్రమ్ముల కెక్కింతురు. డ్రమ్ముమీద పసుపుపచ్చ చీటీ పడును. పరీక్ష ఇంకను కాలేదని దాని భావము. పరీక్ష నెగ్గిన పిదప ఆకుపచ్చ చీటీ వచ్చును. ఆ రెండు చీటీల నడుమ గడచు కాలము, రసాయన చర్యకు నిజముగా పట్టిన కాలమునకు పలు రెట్లుండుట మా వృత్తిలోనివా రందరు నెరిగినదే. ఇంటిలో గారెలు వాయివాయిగా దింపునట్లు మందులను దింపుచున్నాము. భేదమేమనగా, మా వాయికిని వాయికిని నడుమ దినములును, ఒక్కొక్కప్పుడు వారములును గడచును. మాత్రల విభాగమునందును ఇదే కథ: పొడులను తూచుట, కలుపుట, తడిపి గుళికలు కట్టించుట, ఆరబెట్టుట, మరల కలుపుట, మాత్రలుగా అదుముట, పూత పూయుట. ప్రతి మెట్టువద్ద ఒక డ్రమ్ము, ప్రతి డ్రమ్ముమీద ఒక చీటీ.

ఈ నిరీక్షణమునంతను తీసివేసినచో ఏమి మిగులునో చూపుటకై 2007లో నోవార్టిస్ సంస్థయు, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయు కలసి ఒక పరిశోధనకేంద్రమును నెలకొల్పినవి. బెర్న్‌హార్ట్ ట్రౌట్ ఆధ్వర్యమున అచ్చటివారు అలిస్కిరెన్ అను రక్తపోటు మందునకై ఒక సంపూర్ణ ప్రక్రియను నిర్మించి, ఆ వివరములను 2013లో ప్రకటించిరి. ఒక కొసన రసాయన మధ్యస్థము ప్రవేశించును. చర్య, స్ఫటికీకరణము, వడపోత, ఆరబెట్టుట, మాత్ర కట్టుట అన్నియు ఒకదానివెంట నొకటి ఎడము లేకుండ సాగి, రెండవ కొసన మాత్రలు వెలువడును. విడతల పద్ధతిలో 21 క్రియలుగా 300 గంటలు పట్టినది, ధారలో 14 క్రియలుగా 47 గంటలకు దిగినది. అచ్చట ఔషధాణువు మునుపటికంటె చురుకుగా పుట్టినదని కాదు. కాచుకొని యుండుట మానినది.

ఇంత సుగమమైన ఉపాయము ఔషధపరిశ్రమకు ఇంత ఆలస్యముగా ఏల తట్టినదని ప్రశ్నింపవచ్చును. తక్కిన రసాయన పరిశ్రమలు ఎన్నడో ధారామార్గమున పడినవి. 1957లో విశాఖపట్టణమున వెలసిన కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారము మొదటిదినమునుండియు రేయింబవళ్ళు ధారగానే నడచినది. ఉయ్యూరులోనో తణుకులోనో చెరకు ఆడు దినములలో రసము తీయుట, సున్నముతో తేర్చుట, ఇగిర్చుట ఎడతెగక సాగును. పంచదార పలుకు కట్టు వాక్యూమ్ పాన్ వద్దకు వచ్చుసరికి మాత్రము పెక్కు మిల్లులలో నేటికిని విడతలే. స్ఫటికము ధారకు లొంగుటకు మొరాయించుననుటకు ఇది మంచి నిదర్శనము, మందులవారికిని ఇదే తంటా. ఔషధముల విషయమున ఇంకొక కారణము పరిమాణము. చమురును కోట్ల టన్నులలో లెక్కింతురు. పెక్కు మందులకు లోకమంతటికిని ఏటికి కావలసినది కొలది టన్నులే, కొన్నింటికి కిలోలే. ఒకే రియాక్టరున ఈ నెల ఒక మందు, వచ్చు నెల మరియొకటి చేసికొనుట లాభదాయకము. ఇక చట్టము: మాత్రల రేకుమీద అచ్చుపడు బ్యాచ్ నంబరు చుట్టును నాణ్యతాపాలనమంతయు అల్లుకొని పోయినది. బ్యాచ్ అనగా ఒక పాత్రలో ఒకసారి తయారైన సరకని అందరికిని మనసున నాటుకొనినది.

విచిత్రమేమనగా అమెరికా ఔషధనిబంధనలు 1978నుండియు నిరంతరముగా తయారైన సరకునకు వేరుగా ఒక నిర్వచనము నిచ్చుచునే యున్నవి: నిర్ణీతమైన కాలమునందుగాని, నిర్ణీతమైన పరిమాణమునగాని వెలువడిన సరకును ఒక లాటుగా పరిగణింపవచ్చును. చట్టము తెరచిన తలుపులోనికి పోవుటకు పరిశ్రమ దాదాపు నాలుగు దశాబ్దములు జంకినది. చట్టము అడ్డు వచ్చుచున్నదని సభలలో వాపోవుచు, ఆ చట్టమును ఒక్కసారియు తుదముట్ట చదువని పెద్దలను నేను కొందరిని ఎరుగుదును.

ఇక ధార వలన రసాయనచర్యకు కలుగు మేలును చెప్పెదను. వేడిమిని పుట్టించు చర్యను పెద్ద పాత్రలో నడపుట పులిమీద స్వారి. వేయి లీటర్లు పట్టు, ఎత్తును వ్యాసమును సమానమైన పాత్రలో ఒక్కొక్క ఘనమీటరు ద్రవమునకు లభించు ప్రక్కగోడ 4 చదరపు మీటర్లకు లోపు; ఒక మిల్లీమీటరు వ్యాసముగల గొట్టములో అదే ఘనమీటరునకు 4,000 చదరపు మీటర్లు. పుట్టిన వేడిమి పుట్టినచోటనే గోడగుండ తొలగిపోవును గనుక, పాత్రలో గంటలసేపు చల్లని చుక్కలుగా వేయవలసినదానిని గొట్టములో నిమిషములలో ముగింపవచ్చును. నైట్రోగ్లిజరిన్ చేయువారు ఈ సత్యమును ప్రాణములొడ్డి నేర్చుకొనిరి. 1930 ప్రాంతమున ష్మిడ్, బియాజి మొదలైనవారు నిర్మించిన ధారాయంత్రముల ముఖ్యగుణము వేగము కాదు, ఏ క్షణమునందైనను యంత్రములో నుండు నైట్రోగ్లిజరిన్ కొద్దిపాటిదగుటయే. పేలినను పేలునది కొంచెమే. మందులలోను అజైడులు, హైడ్రజీన్, హైడ్రోజను, ఓజోను వాడవలసిన చర్యలు కలవు. 2017లో లిల్లీ సంస్థవారు ప్రెక్సాసెర్టిబ్ అను క్యాన్సరు మందును, హైడ్రజీన్‌తో నడచు మెట్టును కలుపుకొని, నిరంతరముగా 24 కిలోలు చేసి వైద్యపరీక్షలకు పంపిన వృత్తాంతమును ప్రకటించిరి. ఆ పరికరములు చాలవరకు ప్రయోగశాలలోని ఫ్యూమ్‌హుడ్లలో ఇమిడినవి. 2012లో జర్మనీలో సీబెర్గర్ బృందము మలేరియా మందగు ఆర్టెమిసినిన్‌ను ధారలో చేయుట వేరొక కారణముచేత. ఆ చర్యకు వెలుతురు కావలెను. వెలుతురు లోతైన పాత్రలో పైపొరను దాటి పోజాలదు, దీపమునకు చుట్టిన సన్నని గొట్టములో ప్రతి చుక్కకును అందును.

అయితే ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురములో ఒక మందుల కార్ఖానాయందు ద్రావకపు ఆవిరి పేలి 17 మంది మరణించుట మన కందరకును తెలిసినదే. ఆ ద్రావకము కారినది గొట్టమునుండియే. ధార వచ్చినంతమాత్రమున గొట్టములు కారకుండునని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. ధారాయంత్రములో కీళ్ళు మరింత ఎక్కువ. అందలి నిజమైన రక్షణము, కారుటకు లోపల నున్న సరకు తక్కువగుటయు, ధార నిలిపివేయుటకు ఒక్క కవాటము చాలుటయు. నిర్మాత ఈ రెండింటిని చేజేతుల పోగొట్టుకొనగలడు. ధారకు ముందొకటి, వెనుకొకటి పెద్ద నిల్వతొట్లు పెట్టుకొని, యంత్రము ఆగినను సరకు ఆగకూడదని సంతోషించువారిని చూచితిని. అట్టి కార్ఖానా విడతల అపాయమును, ధార ఖర్చును ఏకకాలమున అనుభవించును.

ఇపుడు రూపకల్పనయొక్క గర్భమును సమీపింతము. 1953లో పీటర్ డాంక్‌వర్ట్స్ అను ఆంగ్ల ఇంజనీరు ఒక వ్యాసము ప్రకటించి, ధారాయంత్రములలో పదార్థము గడపు కాలమునుగూర్చి శాస్త్రబద్ధముగా ఆలోచించుట నేర్పెను. రెండవ ప్రపంచయుద్ధమున లండను మీద పడి పేలక నిలిచిన పారాచూట్ మైన్లను నిర్వీర్యము చేసి జార్జ్ క్రాస్ పతకము పొందిన సాహసి ఆయన. ఇంకెంత కాలము మిగిలియున్నదో లెక్కించు అలవాటు ఆ కొలువులోనే పట్టువడినదేమో. ఆయన ప్రశ్న సులభము: ఒకే క్షణమున యంత్రము ప్రవేశించిన కణములన్నియు ఒకే క్షణమున బయటపడునా? సన్నని గొట్టములో ఇంచుమించుగా అట్లే జరుగును. బాగుగా కలియబెట్టు పాత్రలో మాత్రము కొన్ని వెంటనే బయటపడును, కొన్ని తిరిగి తిరిగి ఆలస్యముగా వెలువడును. సగటు నివాసకాలము ఒక మారు గడచునప్పటికి ప్రవేశించినవానిలో నూటికి 37 వంతులు ఇంకను లోపలనే యుండును. మూడు మారులు గడచినను నూటికి 5 వంతులు మిగిలియుండును. ఏ యంత్రమునకైనను రంగునీటినో, గుర్తుపట్టదగిన పొడినో ఒక్కసారి చిటికెడు వేసి, రెండవ కొసన ఎప్పుడెప్పుడు ఎంతెంత వెలువడుచున్నదో కొలిచినచో ఈ నివాసకాల వితరణము తేలిపోవును. ఇంతకు మించిన మాయ ఏమియు లేదు. కాని ఈ చిన్న పరీక్ష చేయని యంత్రముచేత నిరంతరోత్పాదన చేయుట కన్నులు మూసికొని నడచుటయే.

దీనిని మాత్రల లైనునకు అన్వయించి ఒక లెక్క వేయుదము. అంకెలు దృష్టాంతమునకై నేను ఎంచుకొన్నవి. లెక్కమాత్రము మీరు ఇంటికడ సరిచూచుకొనవచ్చును. గంటకు 20 కిలోల పొడి ప్రవహించు లైను. మందుపొడిని ఒక ఫీడరు, లాక్టోజు, సెల్యులోజు మొదలగువానిని వేరు ఫీడర్లు క్షణక్షణము కొలిచి బ్లెండరులోనికి విడుచుచుండును. బ్లెండరులో ఎల్లప్పుడు నిలిచియుండు పొడి అర కిలో. కావున సగటు నివాసకాలము 90 సెకనులు. మాత్ర బరువు 200 మిల్లీగ్రాములైనచో గంటకు లక్ష మాత్రలు. మందు పాలు నిర్ణీతమైన దానికి నూటికి 5 కంటె హెచ్చుగాని తగ్గుగాని కారాదని నియమము పెట్టుకొందము.

ఈ ఫీడరు ఎట్లు పనిచేయునో తెలిసికొననిదే లెక్క బోధపడదు. హాపరు మొత్తము ఒక త్రాసుమీద కూర్చుండియుండును. సెకనుసెకనుకు తూకము ఎంత తగ్గుచున్నదో చూచి, తగ్గుదల సరిపడునట్లు అడుగున తిరుగు మరను వేగిరపరచుటయో మందగింపజేయుటయో జరుగును. హాపరు ఖాళీ కావచ్చినప్పుడు పైనుండి మరల పొడి పోయవలెను. పోయుచున్నంత సేపు తూకము పెరుగుచుండును గనుక త్రాసు పలుకు మాటకు అర్థముండదు. ఆ కొద్ది సెకనులు ఫీడరు గ్రుడ్డిగా, కడపటి వేగమునే పట్టుకొని నడచును. అదే సమయమున పైనుండి పడిన పొడి అడుగు పొడిని అదుముటచేత మర ఒక్కొక్క చుట్టునకు లోగడకంటె హెచ్చు పొడిని నెట్టును. రోజంతయు బుద్ధిగా నడచు లైను, నింపుడు వేళ ఒక్క క్షణము దారి తప్పును.

ఈ తప్పుదారి 5 సెకనులు నూటికి 20 వంతుల హెచ్చుగా నడచినదనుకొందము. బ్లెండరు దానిని తనలోని అర కిలో పొడితో కలిపి పలుచబరచును. బయటికి వచ్చు పొడిలో మందు హెచ్చు నూటికి 1 మాత్రమే. మాత్రలకు చింత లేదు. అదే 20 వంతుల హెచ్చు ఒక నిమిషము సాగినచో, బయటికి వచ్చునది నూటికి దాదాపు 10 వంతుల హెచ్చు, మాత్రలు పనికిరావు. కాని ఏ మాత్రలు? లెక్క ప్రకారము అలజడి మొదలైన 26వ సెకను మొదలు 120వ సెకనువరకు వెలువడినవే హద్దు మీరినవి. అనగా ఒకటిన్నర నిమిషముపాటు, అర కిలోకు కొంచెము మించిన పొడి, సుమారు 2,600 మాత్రలు. వానిని ప్రక్కదారికి మళ్ళించి పారవేసి, తక్కినవానిని నిశ్చింతగా ఉంచుకొనవచ్చును. విడతల పద్ధతిలో ఇట్టి సందేహము కలిగినచో మొత్తము బ్యాచ్ ఆగిపోవును. ఈ కారణముననే అలజడియొక్క ఎత్తును నిడివిని రెండు అక్షములమీద గీచి, ఎంత ఎత్తు ఎంతసేపు సాగిన బ్లెండరు సైపగలదో చూపు పటము, లైను నిర్మాత బల్లమీద మొదటి కాగితము కావలయునని నేను శిష్యులకు చెప్పుచుందును. బ్లెండరు పరిమాణమును నిశ్చయించునది మిశ్రణము చక్కదనము ఒక్కటే కాదు, ఫీడరు చేయు దోషముల నిడివి కూడ. పెద్ద బ్లెండరు దోషములను మ్రింగును. అదే దోషము ఒకసారి లోపల పడినచో కక్కుటకును దీర్ఘకాలము తీసికొనును. ఈ రెంటి నడుమ తూచి ఎంచుకొనుటయే మా శిల్పము.

మొదలును తుదయు నష్టముతో కూడినవి. పై లైను నిలకడకు వచ్చుటకు మూడు నివాసకాలములు, అనగా నాలుగున్నర నిమిషములు, కావలెను. ఆలోపల వెలువడు కిలోన్నర పొడి వృథా. మూడు దినములు ఎడతెగక నడపువానికి అది లెక్కలోనిది కాదు. ఒక్క గంట నడపి ఆపవలసినవానికి నూటికి ఏడున్నర వంతులు మట్టిపాలగును, ఖరీదైన మందైనచో కన్నీటిపాలే.

ఇంతవరకు లెక్కతో చెప్పినదానిని కార్ఖానాలో కన్నుతో చూడవలెను గదా. మాత్రల యంత్రపు ఫీడ్‌ఫ్రేములో సమీప పరారుణ కిరణములను ప్రసరింపజేసి, తిరిగివచ్చు కాంతిని బట్టి క్షణక్షణము మందు పాలు తెలిసికొను పరికరములు నేడు వాడుకలో నున్నవి. అమెరికా ఔషధశాఖ 2004లో ప్రక్రియావిశ్లేషణ సాంకేతికతనుగూర్చిన మార్గదర్శకము వెలువరించి వీనికి ప్రోత్సాహ మిచ్చినది. కాని పరికరము మందును చూడదు, కాంతినే చూచును. ఆ కాంతికిని మందునకును గల సంబంధమును మనము నమూనాలతో నేర్పవలెను. వానకాలము వచ్చి సెల్యులోజు తేమ పీల్చుకొనినను, లాక్టోజు సరఫరాదారు మారి కణపరిమాణము మారినను, నేర్పిన పాఠము తప్పుదారి పట్టును. పరికరమును కొని గోడకు బిగించి, ఆ పాఠమును ఏటేట సరిదిద్దు మనిషిని మాత్రము నియమింపని యాజమాన్యములు కలవు. అట్టిచోట్ల తెరమీద గీత తిన్నగా సాగుచుండును, దానిని ఎవరును నమ్మరు, డ్రమ్ముమీద పసుపు చీటీ మరల ప్రత్యక్షమగును.

ధారాపద్ధతికి రాజముద్ర పడిన చరిత్ర సంక్షిప్తము. 2015లో వెర్టెక్స్ సంస్థవారి ఓర్కాంబి, సిస్టిక్ ఫైబ్రోసిస్ మందు, నిరంతరపద్ధతిని తయారగు మాత్రగా అమెరికాలో అనుమతి పొందెను. 2016లో జాన్సెన్ సంస్థవారు హెచ్.ఐ.వి. మందగు ప్రెజిస్టాను, అంతకుముందు విడతలుగా చేయుచుండినదానిని, పోర్టోరికోలోని గురాబోయందు ధారలోనికి మార్చుటకు అనుమతి సంపాదించిరి. ఆ సన్నాహమున రట్గర్స్ విశ్వవిద్యాలయపు ఇంజనీర్ల శ్రమ ఎంతయో కలదు. ఈ రెండవదియే నాకు హెచ్చు విలువైనదిగా తోచును. కొత్త మందునకు కొత్త లైను కట్టుట ధనముండిన సాధ్యము. నడచుచున్న పాతదానిని మార్చి, మందులో మార్పు లేదని ఋజువు చేయుట ఓర్పుతోగాని సాధ్యము కాదు. 2022 నవంబరులో అంతర్జాతీయ సమన్వయసంఘము క్యూ13 అను మార్గదర్శకమును ఆమోదించుటతో బ్యాచ్ నిర్వచనము, సరకు మళ్ళింపు, నివాసకాల వితరణము మొదలగువానికి పలు దేశములలో ఒకే భాష ఏర్పడినది. నాటినుండి చట్టముపై నెపము పెట్టుట చెల్లదు.

ధారను ప్రతి మందునకు ఉపదేశించువారితో నేను ఏకీభవింపను. ఘనపదార్థములు పుట్టు చర్యలలో సన్నని గొట్టములు పూడుకొనిపోవును. నిరంతర స్ఫటికీకరణమున గోడలకు పెచ్చు కట్టి, దినములు గడచినకొలది నివాసకాలమే మారిపోవును, రెండవ రూపపు స్ఫటికము ఒకటి పుట్టినదో, దాని సంతతి పోగొట్టుట కష్టము. ఏటికి యాభై మందులు మార్చి మార్చి చేయు కార్ఖానాలో లైనును ప్రతిసారి విప్పి కడిగి బిగించుటకే కాలము చాలదు. ఖరీదు ఎన్నడో తీరిపోయిన గాజుపూత రియాక్టర్లు వరుసగా నిలిచియుండగా, వానిని త్రోసిపుచ్చి కొత్తది కొనుమనుట వ్యాపారము తెలియనివాని మాట. అపాయకరమైన చర్యలను గొట్టములలోనికి మార్చుట, పెద్దమొత్తమున అమ్ముడుపోవు మాత్రలను నేరుగా పొడినుండి అదుము లైనులను కట్టుట: మన కార్ఖానాలకు నేడు యుక్తమైనవి ఈ రెండే. మొదటి కొసనుండి తుదివరకు ఒకే ధారగా నడచు కార్ఖానా చూచుటకు ముచ్చటయే. ఒక్క పంపు చెడినచో మొత్తము నిలిచిపోవు ముచ్చట.

మన ప్రాంతమున ఈ పరిశ్రమ పెరిగిన తీరునుగూర్చి ఒక మాట. 1961లో స్థాపితమై సోవియట్ సహాయముతో హైదరాబాదున కార్ఖానా నిర్మించిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వ ఔషధసంస్థలో తరిఫీదైన రసాయనశాస్త్రజ్ఞులు, 1970 నాటి పేటెంటు చట్టము ఇచ్చిన అవకాశముతో, నగరము చుట్టును వందల కార్ఖానాలకు బీజము వేసిరి. కల్లం అంజిరెడ్డిగారు వారిలో అగ్రగణ్యులు. వారందరును గొప్ప రసాయనశాస్త్రజ్ఞులు. కొత్త సంశ్లేషణమార్గము పట్టుటలో, ఖర్చు తగ్గించుటలో వారిని మించినవారు లోకమున కొలదిమందియే. ఐనను ఆ సంప్రదాయమున ఇంజనీరు ఎల్లప్పుడును ఆలస్యముగా పిలువబడిన చుట్టమే: మార్గమంతయు గాజుకుప్పెలో స్థిరపడిన పిదప, దీనిని పెద్ద పాత్రలోనికి మార్చుమని కబురు వచ్చును. విడతలకు ఇది చెల్లినది. ధారకు చెల్లదు; ఏ ద్రావకము, ఏ గాఢత, ఏ ఉష్ణోగ్రత అను ప్రశ్నలు కుప్పెలోనే ధారను దృష్టిలో నుంచుకొని తేల్చవలసినవి.

ఆ పెరుగుదలకు మనము చెల్లించిన మూల్యమును కూడ దాచరాదు. 2007లో స్వీడను శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందము పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించిరి. మందు తినిన రోగి రక్తములో నుండు గాఢతకంటె అది ఎక్కువ. ధార ఈ పాపమును తనంత తాను కడుగదు. తల్లిద్రవములో మిగిలిపోవు మందు రెండు పద్ధతులలోను మిగులును. ధారవలన కలుగు ఉపకారమేమనగా, వెలువడు ద్రవము రేయింబవళ్ళు ఒకే కూర్పున నుండును గనుక ద్రావకమును తిరిగి రాబట్టు స్తంభమును దానికి తగినట్లు నిర్మించి నిలకడగా నడపవచ్చును. విడతల మడ్డి రోజుకొక రకము.

విద్యార్థులకు, కళాశాలల పాలకులకు, కార్ఖానాల యజమానులకు నా విన్నపములు కొన్ని కలవు. బి.ఫార్మసీ చదువువానికి నివాసకాల వితరణమును, కెమికల్ ఇంజనీరింగు చదువువానికి మాత్ర కట్టుటను బోధింపుడు. నేడు ఆ ఇరువురును ఒకరి భాష ఒకరికి తెలియక ఒకే లైనుకు రెండువైపుల నిలుచుచున్నారు. యజమానులారా, విదేశపు లైను బొమ్మ చూచి మురిసి ఆర్డరు పెట్టుటకు ముందు, ఇప్పుడు మీ కార్ఖానాలో నున్న పాత ఫీడరునే త్రాసుమీద నిలిపి, మీ మందుపొడినే అందులో పోసి, వానకాలమున ఒక నెల, ఎండకాలమున ఒక నెల, ప్రతి సెకను తూకమును వ్రాయించుడు. హాపరు నింపు వేళల ఆ అంకెలు ఎట్లు కదలుచున్నవో మీ ఇంజనీరును కూర్చుండబెట్టుకొని చూడుడు. ఆ రెండు నెలల అంకెలు చేతికి వచ్చిన తరువాతనే లైను అమ్మువానిని పిలిపింపుడు.